ప్రత్యర్థి చెప్పిన సాక్ష్యము

పందెములో గెలిచినవాని పేరు పుస్తకములలోని కెక్కును. రెండవవాని పేరు కొంతకాలము నలుగురి నోట నలిగి, తరువాత మరుపున పడును. ఇది లోకరీతి. అయితే గెలిచినవానిని గూర్చి చెప్పబోయినప్పుడెల్ల రెండవవానిని గూర్చి కూడ చెప్పక తప్పని సందర్భము ఒకటి 1958వ సంవత్సరపు మోటారు పందెములలో ఏర్పడినది. ఆ యేడు ప్రపంచ విజేత బిరుదు ఒకే ఒక్క పాయింటు తేడాతో ఒకరికి దక్కి, మరియొకరికి దక్కకుండ పోయినది. దక్కినవాడు ఇంగ్లండు దేశస్థుడైన మైక్ హాథార్న్. దక్కనివాడు అతని దేశమువాడే, అతని యీడువాడే అయిన స్టర్లింగ్ మాస్. ఆ ఒక్క పాయింటు కథయే నేడు మేము శ్రోతలకు చెప్పదలచినది.

ఈ పందెములతో పరిచయము లేనివారి కొరకు ముందుగా రెండు మాటలు చెప్పవలసియున్నది. 'గ్రాండ్ ప్రీ' అనునది ఫ్రెంచి మాట. పెద్ద బహుమానమని దాని అర్థము. 1906లో ఫ్రాన్సు దేశమున ఈ పేరుతో ఆరంభమైన పందెము క్రమముగా ఇతర దేశములకు వ్యాపించినది. 1950 నుండి వేర్వేరు దేశముల పందెములను ఒక దండగా గ్రుచ్చి, ఏడాది పొడవున చోదకులు సంపాదించిన పాయింట్లను కూడి, ప్రపంచ విజేతను నిర్ణయించు పద్ధతి ఏర్పడినది. 1958లో అట్టి పందెములు 11. మొదట వచ్చినవానికి 8 పాయింట్లు, తరువాతి నలుగురికి వరుసగా 6, 4, 3, 2 ఇచ్చెడివారు. పందెములో ఏదైన ఒక చుట్టును అందరికంటె వేగముగా తిరిగినవానికి అదనముగా ఒక పాయింటు. అయితే పదకొండింటి ఫలితములను కూడెడివారు కారు. ఒక్కొక్కరికి మిక్కిలి మేలైన 6 ఫలితములనే లెక్కకు తీసికొనెడివారు. ఈ లెక్కను శ్రోతలు జ్ఞాపకముంచుకొనవలెనని మా మనవి. కథ చివరను దీనితో పని పడును.

ఆనాటి పందెములలో అనేకము ప్రత్యేకముగా కట్టిన మైదానములలో జరిగినవి కావు. మొనాకోలో ఊరి వీధులు, ఫ్రాన్సులోని రీమ్స్ వద్ద పొలముల నడుమ రాదారులు, పోర్చుగల్‌లోని ఒపోర్టోలో రాళ్లు పరచిన బాటలు, ట్రాము పట్టాలు, ఇవియే పందెపు బాటలు. ప్రక్కన చెట్లుండెడివి, దీపస్తంభము లుండెడివి, ఇండ్ల గోడలుండెడివి. చోదకుడు నడుమునకు పట్టీ అయినను లేక కూర్చుండెడివాడు. అతని వీపు వెనుకనే ఇంధనపు తొట్టి. తలపై ఒక గట్టి టోపీ, కన్నులకు అద్దములు, ఇంతే రక్షణ. ఈ స్థితిలో గంటకు 200 కిలోమీటర్లు దాటిన వేగముతో పోవుటయే వారి వృత్తి. చావు ఆ వృత్తిలో అనుకొనని అతిథి కాదు. ఎప్పుడు వచ్చునో తెలియని అతిథి.

1958లో నియమములు కొన్ని మారినవి. అంతకు ముందు వాడుచుండిన ఆల్కహాలు కలిపిన ఇంధనమును మాన్పించి, విమానములలో వాడు పెట్రోలునే వాడవలెనని శాసించినారు. మూడు గంటలు సాగు పందెములను రెండు గంటల ప్రమాణమునకు తగ్గించినారు. ఒకని కారు చెడినప్పుడు తోటివాని కారు తీసికొని పరుగెత్తినచో ఇకమీదట పాయింట్లు లేవన్నారు. చోదకులకే కాక కార్ల నిర్మాతలకు కూడ ఆ యేడే తొలిసారిగా ఒక బహుమానమును ఏర్పరచినారు.

పోటీ ముఖ్యముగా రెండు జట్ల నడుమ. ఒకటి ఇటలీకి చెందిన ఫెరారీ. ఎంజో ఫెరారీ 1956లో చనిపోయిన తన కుమారుడు డీనో పేర వెలయించిన ఎఱ్ఱని కార్లవి. వానిని నడపినవారిలో ముఖ్యులు హాథార్న్, అతని ప్రాణస్నేహితుడైన పీటర్ కాలిన్స్, ఇటలీవాడైన లూయీజీ ముస్సో. రెండవది ఇంగ్లండుకు చెందిన వాన్‌వాల్. ఇంజన్లకు కావలసిన బేరింగులు చేయు కర్మాగారపు యజమాని టోనీ వాండర్వెల్, ఇటలీ కార్లను ఇంగ్లీషు కారుతో ఓడింపవలెనను పట్టుదలతో నిర్మించిన ఆకుపచ్చని కార్లవి. మాస్, టోనీ బ్రూక్స్, స్టువర్ట్ లూయిస్-ఎవాన్స్ అను ముగ్గురు వానిని నడపినారు.

హాథార్న్, మాస్ ఇద్దరును 1929లో పుట్టినవారే. హాథార్న్ పొడగరి, నవ్వుమొగమువాడు. మెడకు చిన్న బో టై కట్టుకొని పందెమునకు కూర్చుండుట అతని అలవాటు. 1953లో రీమ్స్‌లో మహాచోదకుడైన ఫాంజియోను ఓడించి పేరు తెచ్చుకొన్నాడు. మాస్ పొట్టివాడు, ప్రతి చిన్న విషయమునందును శ్రద్ధ గలవాడు. 1955 నుండి వరుసగా మూడేండ్లు రెండవ స్థానముననే నిలిచి, ఈ యేడైనను మొదటి స్థానము రాకపోవునా అని ఎదురు చూచుచుండినవాడు. ఆ మూడేండ్లును విజేతగా నిలిచిన ఫాంజియో విరమించు దశలో ఉన్నాడు. కనుక ఈసారి అదను మాస్‌దే అని లోకము తలచినది.

జనవరి 19న అర్జెంటీనాలో మొదటి పందెము జరిగినది. వాన్‌వాల్ జట్టు క్రొత్త ఇంధనమునకు ఇంజన్లను సిద్ధము చేసికొనలేక అక్కడికి పోలేదు. మాస్ ఒక చిన్న కూపర్ కారును ఎరవుగా తీసికొని పోయినాడు. దాని ఇంజను 2 లీటర్లైనను లేదు. పైగా చోదకుని వెనుక నున్నది. బండికి గుఱ్ఱము ముందుండవలెను గాని వెనుక నుండునా అని ఆ కాలపు నిపుణుల అభిప్రాయము. ఆ కారు చక్రములను మార్చుటకు చాల సేపు పట్టును. అందుచేత మాస్ ఒక ఉపాయము పన్నినాడు. తాను ఆగి టైర్లు మార్చుకొనబోవుచున్నట్లు అతని సహాయకులు హడావిడి చేసినారు. అది నమ్మి ఫెరారీవారు తొందరపడలేదు. మాస్ మాత్రము ఆగనేలేదు. టైర్ల రబ్బరు అరిగి లోపలి గుడ్డ బయటపడినను మెల్లగా, మెత్తగా నడపుకొని, ముస్సోకంటె 2.7 సెకండ్లు ముందు గెలుపు గీత దాటినాడు. ఇంజను వెనుక నున్న కారు ప్రపంచ పందెములలో గెలుచుట అదే మొదలు. కొన్నేండ్లలోనే దాదాపు అందరును ఆ మార్గమునే పట్టినారు.

ఇచ్చట ఒక్క విషయము గమనింపవలెను. మాస్ అమాయకుడు కాడు. ప్రత్యర్థి కన్ను కప్పి గెలుచుట పందెములో చెల్లును. అది అతనికి చక్కగా తెలియును. ఏది చెల్లును, ఏది చెల్లదు అన్న గీత ఎక్కడ గీయవలెనో కూడ అతనికి తెలియుననుటకు ఆగస్టు నెల దాక ఆగవలెను.

ఫిబ్రవరిలో క్యూబా దేశమున మరియొక వింత జరిగినది. ఈ లెక్కలో చేరని పందెము కొరకు హవానా నగరమునకు పోయిన ఫాంజియోను, కాస్ట్రో పక్షపు విప్లవకారులు తుపాకి చూపి హోటలునుండి ఎత్తుకొనిపోయినారు. తమ ఉద్యమమును లోకమున చాటుకొనుటయే వారి ఉద్దేశము. ఆయనను మర్యాదగా చూచుకొని, పందెము ముగిసిన పిమ్మట విడిచిపెట్టినారు.

మే 18న మొనాకోలో మాస్ కారు, హాథార్న్ కారు రెండును ముందుండి చెడిపోగా, ఫ్రెంచివాడైన మోరీస్ ట్రాంటిన్యాన్ మరల ఒక చిన్న కూపర్ కారుతోనే గెలిచినాడు. వారము దాటిన పిమ్మట హాలండులో మాస్ వాన్‌వాల్‌తో గెలిచి, వేగపు చుట్టు పాయింటును కూడ సంపాదించినాడు. మే 30న అమెరికాలోని ఇండియానాపొలిస్ పందెము. అదియు ఆ కాలమున ఈ లెక్కలోనే చేరియుండెడిది. అచ్చట మొదటి చుట్టులోనే కార్లు ఒకదానిపై ఒకటి పడి పాట్ ఓకానర్ అను చోదకుడు మరణించినాడు. ఆ యేటి మృతుల పట్టికలో అది మొదటి పేరు.

జూన్ 15న బెల్జియములోని స్పా వద్ద బ్రూక్స్ గెలిచినాడు, హాథార్న్ రెండవవాడు. గెలిచిన బ్రూక్స్ కారు గేరుపెట్టె పాడైనది. గీత దాటుచుండగనే హాథార్న్ ఇంజను పగిలినది. మూడవవాడైన లూయిస్-ఎవాన్స్ కారుకు చక్రము నిలుపు ఊచ విరిగినది. మరియొక చుట్టు ఉండినయెడల ముగ్గురిలో ఎవరు మిగిలెడివారో చెప్పలేము. ఆ పందెములోనే మరియా తెరేసా ద ఫిలిప్పిస్ అను ఇటలీ మహిళ మసెరాటి కారు నడపి పదవ స్థానమున వచ్చినది. ప్రపంచ గ్రాండ్ ప్రీ పందెములో స్త్రీ పాల్గొనుట అదే ప్రథమము.

జూలై 6. రీమ్స్. హాథార్న్ మొదటినుండి ముందుండి గెలిచినాడు. వేగపు చుట్టు కూడ అతనిదే. మొత్తము 9 పాయింట్లు. ఆ యేడంతటిలో అతడు గెలిచినది ఈ ఒక్క పందెమే. అయితే ఆనాడు అతనికి సంతోషము మిగులలేదు. అతనిని పట్టుకొనవలెనని వెంటబడిన తోటి ఫెరారీ చోదకుడు ముస్సో, పదవ చుట్టులో ఒక వేగమైన వంపు వద్ద బాట తప్పి, పడి, ఆసుపత్రిలో మరణించినాడు. అతనికి 33 ఏండ్లు. ఆ పందెమే ఫాంజియోకు కడపటిది. అయిదుసార్లు ప్రపంచమును గెలిచిన ఆ 47 ఏండ్ల పెద్దవాడు నాలుగవ స్థానమున పరుగెత్తుచుండగా, హాథార్న్ వెనుకనుండి వచ్చి ఆయనను ఒక పూర్తి చుట్టు వెనుక వేయగలిగిన స్థితిలో నున్నాడు. కాని దాటలేదు. వేగము తగ్గించి, ఆయన వెనుకనే గీత దాటినాడు. పెద్దవానికి చేసిన నమస్కారమది. హాథార్న్ ఎట్టివాడో తెలియుటకు ఇది చాలును. మన కథలో ఒకడు మంచివాడు, ఒకడు చెడ్డవాడు అను విభజన లేదు.

జూలై 19న ఇంగ్లండులోని సిల్వర్‌స్టోన్‌లో కాలిన్స్ మొదటివాడుగను, హాథార్న్ రెండవవాడుగను వచ్చినారు. కాలిన్స్ గూర్చి ఒక మాట చెప్పవలెను. 1956లో తనకు కూడ ప్రపంచ విజేత అగు అవకాశ ముండగా, కారు చెడిన ఫాంజియోకు తన కారు నిచ్చి ప్రక్కకు తప్పుకొన్నవాడు అతడు. నాకింకను వయసున్నదని తలచినాడు. ఆగస్టు 3న జర్మనీలోని న్యూర్‌బుర్గ్‌రింగ్ కొండబాటలలో, బ్రూక్స్‌ను తరుముచు పోవుచున్న కాలిన్స్ కారు పదకొండవ చుట్టులో ఒక వంపున బాట దాటి ఎగిరినది. అతడు చెట్టునకు కొట్టుకొని ఆ సాయంకాలమే చనిపోయినాడు. వయస్సు 26. సరిగా వెనుకనే వచ్చుచున్న హాథార్న్ కన్నులెదుట ఇది జరిగినది. ఇక ఈ వృత్తి చాలునన్న తలంపు అతని మనస్సున నాటుకొన్నది.

ఇట్టి స్థితిలో ఆగస్టు 24న ఒపోర్టో పందెము వచ్చినది. అప్పటికి హాథార్న్‌కు 30 పాయింట్లు, మాస్‌కు 24. మొదట కొన్ని చుట్లు హాథార్న్ ముందున్నను, త్వరలోనే మాస్ అతనిని దాటి దూరమైనాడు. హాథార్న్ కారు బ్రేకులు బలహీనపడి, ఆగి సరిచేయించుకొనవలసి వచ్చినది. ఆ తరువాత అతడు పట్టుదలతో నడపి అతివేగమైన చుట్టు తిరిగినాడు. మాస్ సహాయకులు ఆ సంగతిని ఒక పలకపై వ్రాసి బాట ప్రక్కన చూపించినారు. హాథార్న్ పేరులోని తొలి అక్షరములు, వాని ప్రక్కన 'రికార్డు' అను ఇంగ్లీషు మాటలోని మొదటి మూడక్షరములు. మెరుపువలె పోవుచున్న మాస్‌కు ఆ మూడవ అక్షరము 'సి' గాక 'జి'గా కనిపించినది. హాథార్న్ ఎప్పటివలెనే క్రమముగా వచ్చుచున్నాడని అర్థము చేసికొన్నాడు. కోరినయెడల అంతకంటె వేగముగా తిరుగగలిగియు, అవసరము లేదని ఊరకున్నాడు. ఒక సుద్దముక్క గీత అట్లు ఒక పాయింటును మింగినది.

పందెము ముగియవచ్చినది. మాస్ దాదాపు ఒక పూర్తి చుట్టు ముందుండి, వెనుకనుండి హాథార్న్‌ను సమీపించినాడు. దాటగలిగియు దాటక, మర్యాదగా వెనుక నుండి తన గెలుపు గీత దాటినాడు. హాథార్న్‌కు ఇంకొక చుట్టు మిగిలినది. ఆ కడపటి చుట్టులో అతని బ్రేకులు పూర్తిగా చేయి యిచ్చినవి. కారు అదుపు తప్పి ప్రక్కదారిలోనికి పోయి, ఇంజను ఆగినది. హాథార్న్ దిగి, ఒంటరిగా ఆ కారును త్రోయ మొదలిడినాడు. పరులు చేయి వేసినచో పందెము పోవును. బాట ఎగువగా నున్నది, కారు కదలలేదు. గెలిచి మెల్లగా మరల చుట్టు తిరిగి వచ్చుచున్న మాస్ ఇది చూచినాడు. ఆగి, పల్లపు వైపునకు త్రోయుమని కేక వేసి చెప్పినాడు. హాథార్న్ అట్లే కాలిబాట మీదుగా వెనుకకు, పల్లమునకు త్రోసి, ఇంజనును మేల్కొలిపి, కారెక్కి, చుట్టు ముగించి రెండవవాడైనాడు. మాస్‌కు అతనికి నడుమ 5 నిమిషములకు పైబడిన ఎడము.

రెండవ స్థానమునకు 6, వేగపు చుట్టునకు 1, మొత్తము 7 పాయింట్లు. కాని నిర్ణేతలు అభ్యంతరము తెలిపినారు. పందెపు బాటపై ఎదురు దిశలో కారును నడపరాదు, త్రోయరాదు అని నియమము. వేగముగా వచ్చువారి ప్రాణములకు అది అపాయము గనుక ఆ నియమము న్యాయమైనదే. హాథార్న్ ఎదురు దిశలో త్రోసినాడని చూచినవారున్నారు. కనుక అతడు అనర్హుడు. 7 పాయింట్లును పోవును.

విచారణ రాత్రి దాక సాగినది. అప్పుడు మాస్ తానుగా నిర్ణేతల ఎదుటికి పోయినాడు. తాను ఆ సమయమున అచ్చటనే ఉంటిననియు, హాథార్న్ కారును త్రోసినది పందెపు బాటపై కాదు, దాని ప్రక్కనున్న కాలిబాటపై ననియు, అది నియమభంగము కాదనియు సాక్ష్యము చెప్పినాడు. ఆ పాయింట్లు పోయినచో అందరికంటె ఎక్కువ లాభపడువాడు వచ్చి, అవి పోరాదని చెప్పిన తరువాత, నిర్ణేతలకు అనుమానించుటకేమున్నది? హాథార్న్ రెండవ స్థానము నిలిచినది.

సెప్టెంబరు 7న ఇటలీలోని మోంజాలో మాస్ కారు గేరుపెట్టె పాడై ఆగిపోయినది. బ్రూక్స్ గెలిచినాడు. క్లచ్చి జారుచున్న కారును ఎట్లో నెట్టుకొనివచ్చి హాథార్న్ మరల రెండవవాడైనాడు. ఇప్పుడు అతని లెక్క 40; మాస్ లెక్క 32. మిగిలినది ఒక్క పందెము.

అక్టోబరు 19న మొరాకో దేశపు కాసాబ్లాంకాలో, సముద్రతీరపు బాటపై ఆ కడపటి పందెము జరిగినది. మాస్ గెలువవలెను, వేగపు చుట్టు కూడ తిరుగవలెను. అంతే గాక హాథార్న్ మూడవ స్థానముకంటె మీదికి రాకూడదు. అప్పుడే మాస్ విజేత. ముస్సో, కాలిన్స్ ఇద్దరును 2వ నెంబరు కార్లలోనే మరణించినారు. హాథార్న్‌కు కాసాబ్లాంకాలో ఆ నెంబరే రాగా, అతడు తోటివానితో మార్చుకొని 6వ నెంబరు తీసికొన్నాడు. ఆ మనిషి మనస్సు ఏ స్థితిలో నున్నదో దీనివలన తెలియుచున్నది.

మాస్ తన వంతు పని లోపము లేకుండ చేసినాడు. మొదటినుండి చివరి దాక ముందుండి గెలిచినాడు; వేగపు చుట్టు అతనిదే. హాథార్న్ మూడవ స్థానమున నున్నాడు. కాని రెండవ స్థానమున నున్న అమెరికావాడు ఫిల్ హిల్ ఫెరారీ జట్టువాడే. అతడు జట్టు మాట ప్రకారము వేగము తగ్గించి, హాథార్న్‌ను ముందునకు పోనిచ్చినాడు. హాథార్న్ రెండవవాడైనాడు. ఆ సమయముననే వెనుక లూయిస్-ఎవాన్స్ నడపుచున్న వాన్‌వాల్ ఇంజను బిగుసుకొని, కారు బాట తప్పి మంటలంటుకొన్నది. ఒడలు కాలిన అతనిని విమానములో ఇంగ్లండుకు చేర్చినారు. ఆరు దినములు బాధపడి, అక్టోబరు 25న, 28 ఏండ్ల వయసున కన్ను మూసినాడు.

ఇప్పుడు ముందు చెప్పిన లెక్కకు వత్తము. హాథార్న్ మేలైన ఆరు ఫలితములు 9, 7, 7, 7, 6, 6; మొత్తము 42. మాస్‌కు ఉన్నవన్నియు కలిపి 8, 9, 6, 1, 8, 9, మొత్తము 41. మాస్ నాలుగు పందెములు గెలిచినాడు, హాథార్న్ ఒక్కటే గెలిచినాడు. అయినను లెక్క లెక్కయే. ఒపోర్టోలోని 7 పాయింట్లను హాథార్న్ పట్టికనుండి తీసివేసి, వాని తావున అర్జెంటీనాలో వచ్చిన 4 చేర్చినచో, అతని మొత్తము 39 అగును. 41 ముందు 39. అనగా ఆ రాత్రి మాస్ ఏమియు మాటాడక పడకగదికి పోయి నిద్రించియుండినచో, ప్రపంచ విజేత అతడే. ఆ పలకమీది అక్షరమును సరిగా చదివి వేగపు చుట్టు తానే తిరిగియుండినను అతనికి 42, హాథార్న్‌కు 41 అయియుండెడివి.

హాథార్న్ ఇంగ్లండునుండి వచ్చిన తొలి ప్రపంచ విజేత. బిరుదు పొందిన కొలది దినములకే పందెములను విడిచిపెట్టుచున్నానని ప్రకటించినాడు. 1959 జనవరి 22న, తన సొంత జాగ్వార్ కారులో గిల్‌ఫర్డ్ సమీపమున రాదారిపై పోవుచు ప్రమాదమున మరణించినాడు. ఆ బిరుదును సుమారు మూడు నెలలు మాత్రమే అనుభవించినాడు. నిర్మాతల బహుమానము ఆరు పందెములు గెలిచిన వాన్‌వాల్‌కే దక్కినది. కాని లూయిస్-ఎవాన్స్ మరణము, తన అనారోగ్యము కలిసి మనస్సు విరిగిన వాండర్వెల్ ఆ జనవరిలోనే జట్టును విరమింపజేసినాడు. మాస్ తరువాతి మూడేండ్లును మూడవ స్థానముననే నిలిచినాడు. 1962లో గుడ్‌వుడ్ వద్ద ప్రమాదమునకు గురియై, నెల దినములు స్పృహ లేక పడియుండి, పందెముల వృత్తిని విడువవలసి వచ్చినది. 16 గ్రాండ్ ప్రీలు గెలిచిన ఆయన ఒక్కసారియైనను ప్రపంచ విజేత కాలేదు. 2020 ఏప్రిల్ 12న, 90 ఏండ్ల నిండు వయస్సున కాలము చేసినాడు. ఒపోర్టోలో చెప్పిన మాటకు ఎన్నడును పశ్చాత్తాపపడలేదు.

దీనిని పలువురు త్యాగమన్నారు. ఆ మాట ఇచ్చట సరిగా అతుకదని మా తలంపు. తనదైన వస్తువును ఇతరుల కిచ్చుట త్యాగము. కాలిన్స్ 1956లో తన కారును ఫాంజియో కిచ్చినది త్యాగము. ఒపోర్టోలోని పాయింట్లు మాస్‌వి కావు; హాథార్న్‌వి. మాస్ చేసినది తాను చూచినదానిని చూచినట్లు చెప్పుట మాత్రమే. వినుటకు ఇది త్యాగముకంటె చిన్నది. చేయుటకు అంతకంటె కష్టమైనదేమో. త్యాగము చేయువానిని లోకము చూచుచుండును. సాక్ష్యము చెప్పక ఊరకుండువానిని ఎవ్వరును చూడరు. అతడు అబద్ధమాడవలసిన పనియైనను లేదు. పెదవి కదపకుండినచో చాలును. ద్రోణుని ఎదుట ధర్మరాజంతవాడు ఒక మాటను గట్టిగా పలికి, దాని వెనుకటి మాటను తగ్గుస్వరమున పలికినాడని మనము చిన్ననాటినుండి వినుచున్నాము. నేలను తాకక నిలిచిన ఆయన రథము ఆ క్షణమున నేలకు దిగినదందురు. నిజమును పూర్తిగా పలుకుటకు, సగము మ్రింగుటకు నడుమ ఎంత యెడమున్నదో చెప్పుటకే పెద్దలు ఆ కథను నిలిపినారు. ఒపోర్టోలో మాస్ స్వరము తగ్గింపలేదు.

ప్రపంచ విజేతల పట్టికను తెరచి చూచినచో, 1958 ఎదుట హాథార్న్ పేరే ఉండును. అది అచ్చట ఉండుట న్యాయము. ఆ పేరు అచ్చట నిలుచుటకు సాక్షి మాత్రము, ఆ పట్టికలో ఎచ్చటను పేరు లేని ఒక మనిషి.